ఆకులోని పత్రహరితాన్ని తొలగించడం: నీరు చేసే పని వేరు, స్పిరిట్ చేసే పని వేరు

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి, తరువాత జవాబులోకి వెళ్తాను. పదో తరగతి పిల్లల చేత కిరణజన్య సంయోగక్రియ ప్రయోగం చేయించినప్పుడు, మందార ఆకును పది నిమిషాలు నీటిలో మరిగించినా గోధుమ కలిసిన ఆకుపచ్చకు మారిందే తప్ప పచ్చదనం పోలేదని, ఆ తడి ఆకునే చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌లో వేసి వేడిచేస్తే అక్కడక్కడా మాత్రమే పాలిపోయిందని, అయోడిన్ చుక్కలు వేస్తే పిండిపదార్థం ఉందని తెలిపే నీలి నలుపుకు బదులు గోధుమరంగు మచ్చలు వచ్చాయని రాశారు. ఈ పనిని నీటితోనే ముగించే మార్గం ఉందా, ఆల్కహాల్‌ను సారాయి దీపం మీద నేరుగా ఎందుకు వేడిచేయకూడదు, దీపమూ త్రిపాదీ లేని బడిలో ఏం చేయాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు. వీటితో పాటు ఆ గోధుమరంగు మచ్చల సంగతి కూడా తేల్చవలసి ఉంది, ఎందుకంటే పిల్లలు చివరకు గుర్తుపెట్టుకునేది ఆ రంగునే.

నీటిలో ఎంతసేపు మరిగించినా ఆకు పచ్చదనం పోదు. పత్రహరితం అణువులో మెగ్నీషియం చుట్టూ అమరిన తల భాగం ఒకటి, దానికి అతుక్కుని ఇరవై కార్బన్ పరమాణువుల పొడవైన ఫైటాల్ తోక ఒకటి ఉంటాయి. ఆ తోక నూనె స్వభావం కలిగినది కాబట్టి నీటితో కలవదు. పైగా పత్రహరితం హరితరేణువు (ఆకు కణంలో ఆహారం తయారయ్యే చిన్న భాగం) లోపల విడిగా తేలుతూ ఉండదు. అందులోని థైలకాయిడ్ అనే పొరలలోని ప్రోటీన్లతో బంధించబడి ఉంటుంది. వేడి నీరు ఆ ప్రోటీన్లను చెడగొట్టి పట్టును సడలించగలదు కానీ, సడలిన పత్రహరితాన్ని తనలో కరిగించుకుని బయటికి తీసుకురాలేదు. ఆ పని ఆల్కహాల్ (మనం మామూలుగా స్పిరిట్ అనేది), అసిటోన్ వంటి ద్రావణులు చేస్తాయి. 1817లో ఫ్రాన్స్‌లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఔషధ శాస్త్రవేత్తలు ఆకుల పచ్చని పదార్థాన్ని వేరుచేసి దానికి క్లోరోఫిల్ అనే పేరు పెట్టినప్పుడు ఆధారపడింది కూడా ఆల్కహాల్ మీదనే.

ఈ విషయాన్ని పిల్లలకు మాటలతో కాక కళ్ళతో చూపించాలనుకుంటే ఎర్ర తోటకూర ఆకును తీసుకోండి. దాన్ని నీటిలో వేసి మరిగించగానే నీళ్ళు ఎర్రగా మారతాయి, ఎందుకంటే ఆ ఎరుపు రంగు నీటిలో కరిగే జాతిది. నీళ్ళు ఎర్రబడుతున్నకొద్దీ, అంతవరకు ఎరుపు మాటున దాగి ఉన్న పచ్చదనం ఆకులో బయటపడుతుంది. ఆ ఆకును తీసి అద్ది వేడి స్పిరిట్‌లో వేస్తే ఈసారి ద్రవం పచ్చబడుతుంది, ఆకు పాలిపోతుంది. ఒకే ఆకులోని రెండు రంగులలో ఒకదాన్ని నీరు, రెండోదాన్ని స్పిరిట్ తీసుకుపోవడం చూసిన పిల్లవాడికి ద్రావణీయత గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. నా అభిప్రాయంలో అసలు ప్రయోగానికి ముందు దీనికి పావుగంట కేటాయించడం వృథా కాదు.

కొందరు నీటిలో వంట సోడా వేయమని చెబుతారు. క్షారం వల్ల ఫైటాల్ తోక కొంతవరకు తెగి, మిగిలిన భాగం నీటిలో కరిగే రూపంలోకి మారుతుంది. సోడా వేసి ఉడికించిన ఆకుకూర నీళ్ళు పచ్చగా ఉండటానికి ఒక కారణం ఇదే. అయినా ఈ ప్రయోగానికి ఆ దారి పనికిరాదు. ఆకు మెత్తబడి చిరిగిపోతుంది, పచ్చదనం పూర్తిగా పోదు, ఆకులో మిగిలిపోయిన క్షారం తరువాత వేసే అయోడిన్‌ను రంగులేని రూపాల్లోకి మార్చివేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ సంగతి ఇంకా అన్యాయం. అది రంగును తొలగించడం కాదు, నాశనం చేయడం. దాని మిగులు అయోడిన్‌ను కూడా ఆక్సీకరించి రంగు పోగొడుతుంది కాబట్టి, పిండిపదార్థం నిండుగా ఉన్న ఆకు కూడా ఏమీ లేనట్టు కనిపించి పిల్లలకు తప్పు నిర్ధారణ అందుతుంది.

మరి నీటిలో మరిగించడం దేనికి? ఇక్కడే చాలా బడుల్లో పొరపాటు జరుగుతుంది. మరుగుతున్న నీటిలో ఆకు ఉండవలసింది ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది సమయంలో నాలుగు పనులు జరుగుతాయి. కణాలు చనిపోతాయి; పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగల ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, కాబట్టి ఆకు కోసిన క్షణంలో ఉన్న స్థితి అలాగే నిలిచిపోతుంది; కణత్వచాలు చిట్లి స్పిరిట్‌కూ అయోడిన్‌కూ లోపలికి దారి ఏర్పడుతుంది; సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య పిండిరేణువులు నీరు పీల్చుకుని ఉబ్బి అయోడిన్‌ను సులువుగా అందుకునే స్థితికి వస్తాయి. ఈ దశను వదిలేసి పచ్చి ఆకును నేరుగా స్పిరిట్‌లో వేస్తే రంగు ఆలస్యంగానైనా దిగుతుంది కానీ, చివరి నీలిరంగు బలహీనంగా వస్తుంది. అదే పది నిమిషాలు ఉడికిస్తే ఆకు ముద్దగా మారి పట్టకారుతో ఎత్తేసరికి చిరిగిపోతుంది. మందార ఆకుకు జిగురు ఎక్కువ కాబట్టి, మరిగించిన తరువాత ఒకసారి మంచినీటిలో జాడించి తీస్తే మిగతా పని శుభ్రంగా సాగుతుంది.

ఎక్కువసేపు మరిగిన ఆకు పచ్చదనం తగ్గి గోధుమ కలిసిన ఆకుపచ్చకు మారిందని మీరు రాసిన మాట నిజమే. పత్రహరితంలోని మెగ్నీషియం స్థానాన్ని హైడ్రోజన్ ఆక్రమించినప్పుడు ఆ రంగు వస్తుంది. ఆకు రసంలో పులుపు ఎంత ఎక్కువగా ఉంటే ఈ మార్పు అంత వేగంగా జరుగుతుంది. గోంగూర పొయ్యి మీద పెట్టిన కాసేపటికే ఆకుపచ్చదనం కోల్పోవడం మన వంటింట్లో అందరూ చూసేదే. రంగు మారడం, రంగు పోవడం ఒకటి కాదని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. ఆ మారిన పదార్థం కూడా ఆకులోనే ఉంటుంది, దాన్ని కూడా స్పిరిట్‌తోనే తీయాలి.

ఇక రెండో ప్రశ్న. దీని విషయంలో నేను ఏ మినహాయింపునూ అంగీకరించను: స్పిరిట్ ఉన్న పాత్ర కింద ఎప్పుడూ మంట ఉండకూడదు, దాని పక్కన కూడా ఉండకూడదు. ఇథైల్ ఆల్కహాల్ సుమారు 78 డిగ్రీల వద్ద మరుగుతుంది, కానీ మండటానికి అది మరిగేదాకా ఆగనవసరం లేదు. మన గదుల్లో మామూలుగా ఉండే ఉష్ణోగ్రత వద్దనే దాని ఉపరితలం నుంచి నిప్పంటుకోగలిగినంత ఆవిరి లేస్తూ ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి పైకి పోకుండా బల్ల మీదుగా పాకి, కొంత దూరంలో ఉన్న దీపాన్ని చేరి, అక్కడి నుంచి మంటను వెనక్కి తెచ్చుకోగలదు. పగటి వెలుతురులో స్పిరిట్ మంట లేత నీలంగా, దాదాపు కనిపించకుండా మండుతుంది. అంటుకున్న సంగతి తెలియకుండానే పిల్లలు చేయి పెట్టే ప్రమాదం ఉంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మలో నీటి బీకరు, అందులో స్పిరిట్ ఉన్న పరీక్షనాళిక, కింద మండుతున్న బర్నర్ కలిపి చూపించడం అలవాటైపోయింది. నీటి తొట్టి ఉండటం వల్ల స్పిరిట్ నేరుగా వేడెక్కదు, నిజమే, కానీ కింద మంట మాత్రం మంటే. ముప్పై నలభై మంది పిల్లలు చుట్టూ నిలబడిన గదిలో ఆ బొమ్మను ఉన్నదున్నట్టుగా అనుసరించవద్దని నా గట్టి సలహా.

అదృష్టవశాత్తూ మంట అవసరమే లేదు, మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది, స్పిరిట్ 78 వద్దే మరుగుతుంది. కనుక పొయ్యి మీద నుంచి దించిన మరుగు నీటిలో స్పిరిట్‌ను మరిగించేంత వేడి నిల్వ ఉంటుంది. వేరే గదిలో ఎలక్ట్రిక్ కెటిల్‌లోనో, మధ్యాహ్న భోజనం వండే పొయ్యి మీదనో నీళ్ళు మరిగించి, ఫ్లాస్కులో పోసి తరగతికి తీసుకురండి. ఆకును ముందుగా అక్కడే మరుగు నీటిలో ముంచి తీసినా సరే. తరగతిలో మందపాటి స్టీలు గిన్నెలో ఆ వేడి నీరు పోసి, అందులో వేడిని తట్టుకునే గాజు బీకరును గానీ, వెడల్పాటి పరీక్షనాళికను గానీ నిలబెట్టి, ఆకు మునిగేంత స్పిరిట్ పోయండి. మామూలు గాజు సీసా అయితే వేడికి పగిలిపోతుంది. స్పిరిట్ ఉన్నట్టుండి పొంగకుండా శుభ్రమైన చిన్న కుండపెంకు ముక్క వేస్తే బుడగలు నెమ్మదిగా వస్తాయి. నాళిక మూతికి బిరడా బిగించకూడదు. ఆవిరి ఒత్తిడికి అది ఎగిరిపోతుంది. నీరు చల్లబడితే ఆ నీటిని పారబోసి ఫ్లాస్కులోని వేడి నీటిని మళ్ళీ పోస్తే సరిపోతుంది. పలుచని ఆకులకు ఐదు నుంచి పది నిమిషాలు చాలు. కిటికీలు తెరిచి ఉంచండి, ఒక తడి గోనెపట్టాను గానీ, గిన్నెకు సరిపోయే లోహపు మూతను గానీ అందుబాటులో పెట్టుకోండి. ఎక్కడి నుంచైనా నిప్పు అంటుకుంటే పాత్రను కదపకుండా మూతవేయడమే సరైన పని.

వేడి నీళ్ళ ఏర్పాటు కూడా కష్టమైతే చల్లటి పద్ధతి ఉంది, నిదానమైనదే కానీ అన్నిటికన్నా సురక్షితమైనది. మరుగు నీటిలో ముంచి తీసిన ఆకును అద్ది, మూత ఉన్న గాజు సీసాలో స్పిరిట్‌లో ముంచి రాత్రంతా అలమరాలో ఉంచండి. పొద్దున్నకు ఆకు తెల్లబడి, స్పిరిట్ ముదురు పచ్చగా ఉంటుంది. ఆకు మందంగా ఉండి ఇంకా పచ్చ మిగిలితే స్పిరిట్ మార్చి మరో రోజు ఉంచాలి. రెండు పీరియడ్లు దొరకని బడులకు నేను ముందుగా సూచించేది ఈ పద్ధతినే: మొదటి రోజు మధ్యాహ్నం ఆకులు కోసి మరిగించి నానబెట్టడం, రెండో రోజు అయోడిన్ వేసి చూడడం.

ఏ స్పిరిట్ వాడాలన్నది చిన్న విషయం కాదు. మీ ఆకు సగమే పాలిపోవడానికి ప్రధాన కారణం శానిటైజరే అని నేను అనుకుంటున్నాను. జెల్ రకంలో చిక్కదనం కోసం కలిపే పదార్థాలు ఆకుకు పూతలా పట్టుకుంటాయి. నీళ్ళలా ఉండే రకంలో కూడా మూడో వంతుకు దగ్గరగా నీరే ఉంటుంది. మరిగించిన తడి ఆకును అద్దకుండా అందులో వేసినప్పుడు ఆ ఆకులోని నీరు కూడా తోడై ఆల్కహాల్ మరింత పలుచనవుతుంది, నీరు పెరిగినకొద్దీ పత్రహరితం కరగడం తగ్గుతుంది. అందుకే ఆకును పాత వార్తాపత్రిక మడతల మధ్య కానీ, గుడ్డతో కానీ మెల్లగా అద్దడం తప్పనిసరి. ప్రయోగశాలలకు సరఫరా చేసే 95 శాతం రెక్టిఫైడ్ స్పిరిట్ దొరికితే అదే మేలు. 82 డిగ్రీల వద్ద మరిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా బాగా పనిచేస్తుంది. దానికి గిన్నెలోని నీరు ఇంకాస్త వేడిగా ఉండాలి. మిథిలేటెడ్ స్పిరిట్ రంగు బాగానే తీస్తుంది, కానీ అందులో విషపూరితమైన మిథైల్ ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి దాన్ని మూసి ఉన్న గదిలో వేడిచేయరాదు, పిల్లలు వాసన చూడరాదు. అసిటోన్ ఇంకా చురుకైనది, అయితే 56 డిగ్రీలకే మరిగి స్పిరిట్ కన్నా సులువుగా అంటుకుంటుంది. బడిలో దాన్ని వేడిచేయడం నాకు సమ్మతం కాదు.

ఆకు ఎప్పుడు సిద్ధమైందన్నది గడియారాన్ని బట్టి కాక ఆకును బట్టి నిర్ణయించాలి. పట్టకారుతో ఎత్తి కిటికీ వైపు పట్టి చూడండి. ఈనెల పక్కన, తొడిమ దగ్గర పచ్చ ఛాయ ఏమాత్రం కనిపించినా మళ్ళీ ముంచాలి. స్పిరిట్ ముదురు పచ్చగా మారిపోయి ఆకు ఇంకా పాలిపోకపోతే పాత స్పిరిట్‌తో కుస్తీ పట్టకుండా కొత్తది పోయండి. పూర్తయిన ఆకు మీగడ రంగులోకి వచ్చి, అందులోని నీటినంతా స్పిరిట్ లాగేసినందువల్ల అప్పడంలా పెళుసుగా ఉంటుంది. దాన్ని ఆ స్థితిలో పరచబోతే విరిగిపోతుంది. గోరువెచ్చని నీటిలో కొన్ని క్షణాలు ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది, అంటుకుని ఉన్న స్పిరిట్ కూడా పోతుంది. ఆ పచ్చని స్పిరిట్‌ను పారబోయకముందు గదిని చీకటి చేసి, పక్కనుంచి గట్టి టార్చి వెలుతురు వేసి పిల్లలకు చూపించండి. కాంతికి ఎదురుగా చూస్తే పచ్చగా ఉన్న ద్రవం పక్కనుంచి చూసినప్పుడు ముదురు ఎరుపులో మెరుస్తుంది; పత్రహరితం తాను గ్రహించిన కాంతిలో కొంత భాగాన్ని ఎర్రని కాంతిగా తిరిగి వెదజల్లుతుంది.

రంగు తీసిన ఆకుకు అయోడిన్ వేసి పిండిపదార్థాన్ని గుర్తించే పద్ధతిని మొక్కల శరీరధర్మ శాస్త్రంలో స్థిరపరిచినవాడు జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ సాక్స్. 1860లలో ఆయన వెలుతురు తగిలిన భాగంలోనే పిండిపదార్థం ఏర్పడుతుందని చూపించాడు. ఆకులో కొంత భాగాన్ని నల్లకాగితంతో కప్పి ఎండలో ఉంచే నేటి పాఠ్యపుస్తకాల్లోని ప్రయోగం ఆ దారిలో వచ్చినదే. పత్రహరితాన్ని తీయకుండా అయోడిన్ వేస్తే ఏమవుతుందని పిల్లలు అడిగితే, ముదురు పచ్చ మీద నీలి నలుపును గుర్తుపట్టడం అసాధ్యమని ఒక పచ్చి ఆకు మీద చుక్క వేసి చూపించండి.

ఇప్పుడు గోధుమరంగు మచ్చల సంగతి. అయోడిన్ ద్రావణం తన సహజ స్థితిలో గోధుమ పసుపు రంగులోనే ఉంటుంది. పిండిపదార్థం లేనిచోట ఆ రంగే కనిపిస్తుంది. పిండిపదార్థంలోని అమైలోజ్ గొలుసు మెలితిరిగిన నాళంలా ఉంటుంది, ఆ నాళంలోకి అయోడిన్ వరుసగా చేరినప్పుడే నీలం వస్తుంది. ఆకు వేడిగా ఉంటే ఆ అమరిక నిలవదు, రంగు కనిపించదు. చల్లబడితే తిరిగి వస్తుంది. మీ ఆకును వేడిగా ఉండగానే పరీక్షించి ఉంటే అదొక కారణం కావచ్చు. రెండోది, ఆకు కొన్నిచోట్లే పాలిపోయినందువల్ల మిగిలిన పచ్చ, అయోడిన్ పసుపు కలిసి గోధుమగా కనిపించడం. మూడోది, అసలు ఆకులో పిండిపదార్థం తక్కువగా ఉండటం. వీటిలో ఏదో తేల్చుకోవడానికి సులువైన మార్గం అన్నం వార్చిన గంజి. తెల్ల పింగాణీ పళ్ళెంలో ఒక పక్క చల్లారిన గంజి చుక్క, మరో పక్క మంచినీటి చుక్క వేసి, రెండింటి మీదా అదే అయోడిన్ వేయండి. గంజి నీలి నలుపుగా మారితే అయోడిన్ సరిగ్గానే ఉంది, లోపం ఆకులోనో, రంగు తీయడంలోనో ఉంది. గంజి కూడా మారకపోతే అయోడిన్ పాతబడిపోయింది. ప్రయోగశాల అయోడిన్ లేకపోతే మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీటితో లేత తేనీరు రంగు వచ్చేదాకా పలుచన చేసి వాడవచ్చు. బెటాడిన్ వంటి పోవిడోన్ అయోడిన్ కూడా పలుచన చేస్తే పనిచేస్తుంది, కానీ ముందుగా గంజితో సరిచూసుకోవాలి. చుక్కలు వేసి రెండు మూడు నిమిషాలు ఆగి, ఆకును నీటితో కడగండి. పిండిపదార్థంతో కలవని గోధుమరంగు చాలావరకు కొట్టుకుపోతుంది, నీలి నలుపు నిలుస్తుంది. చాలామంది ఈ కడిగే పని చేయరు, దానివల్లనే సగం సందేహాలు వస్తాయి.

ఆకు ఎంపిక గురించి కొద్దిగా చెబుతాను. పలుచగా, మైనపు పూత లేకుండా ఉండే చిక్కుడు, మందార, కోలియస్ ఆకులు మంచివి. మామిడి, నేరేడు వంటి దళసరి ఆకుల రంగు తీయడం ఆలస్యం, వాటిలోని వగరు పదార్థాల వల్ల ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది కూడా. ఉల్లి ఆకు ఆహారాన్ని పిండిపదార్థంగా కాక చక్కెరల రూపంలో నిల్వ చేస్తుంది కాబట్టి ఎంత జాగ్రత్తగా చేసినా నీలం రాదు. మొక్కజొన్న ఆకులో పిండిపదార్థం ప్రధానంగా ఈనెలను చుట్టి ఉండే కణాలలోనే చేరుతుంది. రంగు వస్తే చారలుగా వస్తుంది. మొదటిసారి చేసేవారు దాని జోలికి పోకపోవడం మంచిది. మనీప్లాంట్ వంటి రెండు రంగుల ఆకును వాడేటప్పుడు, మరిగించకముందే ఆకును కాగితం మీద ఉంచి అంచు గీసి, పచ్చభాగం ఎక్కడ, తెల్లభాగం ఎక్కడ అన్నది గుర్తించుకోవాలి. పచ్చదనం పోయాక రెండు భాగాలూ ఒకేలా ఉంటాయి, అప్పుడు పోల్చడానికి ఆధారం ఆ బొమ్మ ఒక్కటే.

ఆకులో ముందే ఉన్న పిండిపదార్థం ఖాళీ కావడానికి మొక్కను ముందుగా చీకటిలో ఉంచే గడువును ఒకటి రెండు రోజులకు తగ్గించకండి. పుస్తకం మూడు రోజులు చెబితే మూడు రోజులూ ఉంచండి. మొక్క తన ఆకులోని పిండిపదార్థాన్ని రాత్రిపూట చక్కెరగా మార్చి ఇతర భాగాలకు పంపుకుంటుంది కాబట్టి, ఆకు మొక్కకు అంటి ఉండగానే ఇది జరగాలి. చీకటి గడువు ముగిశాక ఒక ఆకును కోసి పరీక్షించి, అది గోధుమగానే ఉందని చూసుకున్న తరువాతే మొక్కను ఎండలో పెట్టండి. ఐదారు గంటల మంచి వెలుతురు కావాలి. ఏప్రిల్, మే నెలల మిట్టమధ్యాహ్నపు ఎండలో పత్రరంధ్రాలు మూసుకుని పని మందగిస్తుంది. ఆ రోజుల్లో ఉదయాన్నే బయటపెట్టి, బాగా నీళ్ళు పోసి ఉంచడం మంచిది.

అయోడిన్ వేసిన ఆకును మరునాడు వేరే సెక్షన్‌కు చూపించాలనుకుంటే రంగు వెలిసిపోయి కనిపించవచ్చు, ఎందుకంటే అయోడిన్ నెమ్మదిగా ఆవిరైపోతుంది. మళ్ళీ రెండు చుక్కలు వేస్తే తిరిగి వస్తుంది. రంగు తీసిన ఆకులను మాత్రం అయోడిన్ వేయకుండా కొత్త స్పిరిట్‌లో, మూత గట్టిగా ఉన్న సీసాలో చాలాకాలం నిల్వ చేసుకోవచ్చు. సీసా మీద స్పిరిట్ అని, మండే ద్రవమని, ఏ మొక్క ఆకు, చీకటిలో ఉంచినదా వెలుతురులో ఉంచినదా అన్నది రాసి తాళం ఉన్న బీరువాలో పెట్టండి. పచ్చబడిన పాత స్పిరిట్‌ను తరువాతి తరగతి ఆకులకు మొదటి ముంపుగా వాడుకుని, రెండో ముంపుకు మాత్రం కొత్తది పోస్తే బడికి స్పిరిట్ ఖర్చు కూడా తగ్గుతుంది.